మీడియా సిద్ధాంతాల మీద ప్యాసేజీ వస్తే జవాబులు ఎలా పెట్టాలి

ప్యాసేజీ ఇచ్చి దాని మీద ప్రశ్నలడిగే రీడింగ్ కాంప్రహెన్షన్‌లో కణ విభజన మీదో అంతర్జాతీయ వాణిజ్యం మీదో ప్యాసేజీ వస్తే మన పిల్లలు బెదిరిపోతారు. ఆ బెదురు వల్లే ఒక్కో వాక్యం ఆగి ఆగి చదువుతారు, చివరికి జవాబులు బాగానే పెడతారు. దెబ్బ తినేది మీడియా మీద వచ్చినప్పుడే. టీవీ, పేపరు, ఫోను, ప్రకటనలు కనబడగానే హమ్మయ్య తెలిసిన సంగతే అనుకుని గబగబా లాగించేసి, అయిదింటిలో రెండు మూడు పోగొట్టుకుని బయటికొచ్చి "మాస్టారూ, ప్యాసేజీ ఈజీయేనండి, ఆప్షన్లే తికమకగా ఉన్నాయి" అంటారు.

ఆప్షన్ల తప్పేమీ లేదండి. టీవీ చర్చల్లో అరుపులు తప్ప ఏమీ లేదనీ, పిల్లలు ఫోన్లకి అతుక్కుపోతున్నారనీ, వాట్సాప్‌లో వచ్చేదంతా అబద్ధమనీ మనందరికీ ముందే ఒక అభిప్రాయం ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డ ఏ నలుగురిని కదిపినా దీని మీద గంట సేపు మాట్లాడతారు. ఆ అభిప్రాయానికి దగ్గరగా ఉన్న ఆప్షన్ కనబడగానే చెయ్యి దానంతటదే అటు పోతుంది. ప్రశ్నలు తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు కాబట్టి నాలుగు ఆప్షన్లలో ఒకటి అచ్చంగా అందుకోసమే పెడతారు. లోకం మీద చూస్తే నిజం, ప్యాసేజీలో మాత్రం లేదు.

ఇది లెక్చరర్ ఉద్యోగాల కోసం యూజీసీ నెట్ పేపర్ వన్ రాసేవాళ్ళకీ, సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండో పేపరైన సీశాట్ వాళ్ళకీ, ఎంబీఏ సీట్ల కోసం రాసే క్యాట్‌కీ, భీమవరం పాలకొల్లు వైపు నుంచి విదేశాలకి వెళ్ళాలని ఐఈఎల్టీఎస్‌కి కూర్చునేవాళ్ళకీ పనికొస్తుంది. నెట్ వాళ్ళకి అయితే రెండు రకాల లాభం, ఎందుకంటే ఆ పేపర్లో కమ్యూనికేషన్ అని విడిగా ఒక యూనిట్టే ఉంది, ఇక్కడ చదివింది అక్కడా వస్తుంది. పరీక్షల్లో ప్యాసేజీ ఇంగ్లీషులో ఉంటుందనే లెక్కతో చెబుతున్నాను, కానీ పద్ధతి తెలుగు ప్యాసేజీకీ అదే.

చదివేటప్పుడు పట్టుకోవలసింది ఒక్కటే: ఈ వాక్యం ఎవరిది? మీడియా ప్యాసేజీలో తరచుగా ముగ్గురు మాట్లాడతారు. ఫలానా సిద్ధాంతం చెప్పిన పెద్దాయన ఒకరు, ఆయన్ని కాదన్నవాళ్ళు ఒకరు, ఈ ఇద్దరి గొడవనీ మనకి వినిపిస్తున్న వ్యాసకర్త మూడోవారు. చిక్కేమిటంటే చాలా ప్యాసేజీల్లో వ్యాసకర్త సొంత మాట రెండు మూడు వాక్యాలకి మించదు, మిగతాదంతా ఇంకొకరి మాటల్ని వివరించడమే. మనమేమో ఆ వివరణ చదువుతూ చదువుతూ అది వ్యాసకర్త అభిప్రాయమే అనుకుంటాం. ఇక "రచయిత ఉద్దేశం ఏమిటి" అని అడిగితే సిద్ధాంతకర్త ఉద్దేశం పెట్టేస్తాం.

దీనికి మన భాషలోనే మంచి సాధనం ఉంది. సిద్ధాంతకర్త మాటో విమర్శకుల మాటో వచ్చినచోట వాక్యం చివర మనసులో "అట" తగిలించి చదవండి. సాధనమే సందేశమట. జనం బుర్రల్లో బొమ్మల్ని పత్రికలే గీస్తాయట. ఇలా పోగా పోగా "అట" అతకని వాక్యం ఒకటి తగులుతుంది, వ్యాసకర్త స్వయంగా నోరు విప్పింది అక్కడే. కాగితం పరీక్ష అయితే దాని కింద గీత గీయండి, కంప్యూటర్ పరీక్ష అయితే రఫ్ షీటు మీద ఎన్నో పేరాలో ఎన్నో వాక్యమో అంకె వేసుకోండి.

ఇంగ్లీషులో దీనికి గుర్తులుంటాయి. ఆర్గ్యూస్, క్లెయిమ్స్, కంటెండ్స్, అకార్డింగ్ టు అని ఉంటే ఆ మాట ఇంకొకరిది. హౌఎవర్, యెట్, నెవర్‌దలెస్ వచ్చాయంటే మాట్లాడే మనిషి మారుతున్నాడనో, మలుపు తిరుగుతున్నాడనో అర్థం. వీటికన్నా ఎక్కువమందిని పడేసేవి టు బి షూర్, అడ్మిటెడ్లీ, ఇట్ ఈజ్ ట్రూ దట్ లాంటివి. ఇవి ఒప్పుకోలులా వినబడతాయి, కానీ ఒప్పుకున్న రెండో నిమిషంలోనే "బట్" వచ్చి అసలు మాట దాని తరవాత ఉంటుంది. ఒప్పుకున్న ముక్కని ఆప్షన్‌గా పెట్టి "రచయిత ప్రధాన వాదన" అంటారు చూడండి, అక్కడ జాగ్రత్త.

సిద్ధాంతాలు ముందే చదువుకోవాలా అంటే, చదువుకుంటే వేగం వస్తుంది, అంతే. జవాబు మాత్రం ప్యాసేజీలోంచే రావాలి. సీశాట్ పేపర్లో అయితే జవాబులు ప్యాసేజీ ఆధారంగా మాత్రమే ఇవ్వాలని సూచనల్లోనే ఉంటుంది. అయినా నాలుగైదు పేర్లు తిరిగి తిరిగి వస్తుంటాయి కాబట్టి వాటి గురించీ, వాటితో వచ్చే ఉచ్చుల గురించీ చెబుతాను.

మొదటివాడు కెనడాకి చెందిన మార్షల్ మెక్‌లూహన్. 1964లో వచ్చిన పుస్తకంలో సాధనమే సందేశం అన్నాడు. ఆ సాధనాన్నే మాధ్యమం అని కూడా అంటాం. ఆయనకి మాధ్యమం అంటే పేపరు, రేడియో, టీవీ మాత్రమే కాదు, కరెంటు దీపం, రైలు, గడియారం, బట్టలు కూడా మాధ్యమాలే. మనిషి శక్తిని పొడిగించే ప్రతిదీ ఆ లెక్కలోకి వస్తుంది. రైలు వచ్చి మనుషులకి ప్రయాణాన్ని కొత్తగా నేర్పలేదు, ఉన్న ప్రయాణం వేగాన్నీ పరిధినీ పెంచి కొత్త రకం ఊళ్ళని పుట్టించింది, ఆ మార్పే దాని సందేశం అంటాడు, అందులో బొగ్గు వచ్చిందా బియ్యం వచ్చిందా అన్నది కాదు. "ఈ కింది వాటిలో ఏది మాధ్యమం కాదు" అని ప్రశ్న వస్తే మనవాళ్ళు రైలు పెట్టేస్తారు. ఇంకో చిన్న సంగతి, సందేశం అన్న మాటని ఆయన మామూలు అర్థంలో వాడలేదు. కాబట్టి "విషయానికి విలువ లేదని మెక్‌లూహన్ అన్నాడు" లాంటి ఆప్షన్ని ప్యాసేజీ చూడకుండా నమ్మకండి.

ఆయనకి ముందే హారల్డ్ ఇన్నిస్ అనే మరో కెనడా ఆయన 1950 ప్రాంతంలో ఇంకో లెక్క చెప్పాడు. రాయి, మట్టి పలక లాంటివి బరువు, కదలవు, కానీ కాలానికి నిలుస్తాయి. కాగితం తేలిక, దూరాలకి పోతుంది, కానీ త్వరగా పోతుంది. ద్రాక్షారామం గుడి గోడల మీద, స్తంభాల మీద ఉన్న శాసనాలు ఒక రకం, కలెక్టరాఫీసు నుంచి మండలాలకి వచ్చే కాగితం రెండో రకం. మొదటిది సంప్రదాయాన్ని నిలుపుతుంది, రెండోది పెద్ద భూభాగాన్ని ఏలడానికి పనికొస్తుంది. ఇన్నిస్ ప్యాసేజీలో ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఈ కాలం, దూరం జోడీని తారుమారు చేసి అడుగుతారు. రఫ్ షీటు మీద రెండు గడులు గీసుకుంటే అయిపోతుంది, దాని మీద ఎక్కువ సేపు పెట్టక్కర్లేదు.

ఎజెండా సెట్టింగ్ అనే సిద్ధాంతాన్ని మాత్రం మెల్లగా చదవాలి. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో చాపెల్ హిల్ అనే ఊళ్ళో ఇంకా ఎవరికి ఓటెయ్యాలో తేల్చుకోని 100 మందిని మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు ఏ సమస్యలు ముఖ్యమైనవని అడిగి, ఆ జాబితాని పత్రికలూ టీవీ ప్రాధాన్యం ఇచ్చిన సమస్యల జాబితాతో పోల్చారు. రెండూ బాగా దగ్గరగా ఉన్నాయి. 1972లో అచ్చయింది. ఇక్కడ రెండు ఉచ్చులు. ఒకటి, పత్రికలు జనానికి ఏమనుకోవాలో చెప్పలేకపోవచ్చు గానీ దేని గురించి అనుకోవాలో చెబుతాయి అన్నదే ఈ వాదన, "మీడియా జనాభిప్రాయాన్ని తనకి కావలసినట్టు మారుస్తుంది" అన్నది దీని మీద కూర్చున్న అతిశయోక్తి. ఇవి వేరువేరు ఆప్షన్లుగా పక్కపక్కనే ఉంటాయి. రెండు, రెండు జాబితాలు దగ్గరగా ఉన్నంతమాత్రాన ఒకటి రెండోదానికి కారణం అని తేలినట్టు కాదు. ప్యాసేజీ "సంబంధం ఉంది" అంటే ఆప్షన్ "కారణం" అంటుంది.

ఒకే కార్యక్రమాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారని స్టూవర్ట్ హాల్ అనే బ్రిటన్ పండితుడు 1973లో చెప్పింది మన వైపు ఉదాహరణతో వెంటనే ఎక్కుతుంది. టీవీలో రొయ్యల సాగు లాభాల మీద ఒక కార్యక్రమం వచ్చిందనుకోండి. సొంత చెరువు తవ్వించినాయన చూసి "అవును, మా బాగా చెప్పారు" అంటాడు. చెరువు లీజుకిచ్చిన ఆయన "లాభం నిజమేగానీ తెగులొస్తే ఏంటో కూడా చెప్పాల్సింది" అంటాడు. పక్కనే వరి చేను ఉండి, ఉప్పు ఊరి పంట దెబ్బతిన్న రైతు "ఇది చెరువులోళ్ళ ప్రచారం" అని ఛానెల్ మార్చేస్తాడు. కార్యక్రమం ఒకటే, మొదటాయనది ఆధిపత్య పఠనం, రెండో ఆయనది బేరసారాల పఠనం, మూడో ఆయనది ప్రతికూల పఠనం. పరీక్షలో కొత్త సందర్భం ఇచ్చి ఇది ఏ రకం పఠనం అంటారు. ఎక్కువమంది తప్పు చేసేది రెండోదాని దగ్గరే, "కానీ" అని వినబడగానే వ్యతిరేకత అనుకుంటారు. మూలంలో సందేశాన్ని ఒప్పుకుని తన పరిస్థితి వరకు సవరించుకుంటే అది వ్యతిరేకత కాదు.

అమెరికా రచయిత నీల్ పోస్ట్‌మన్ 1985లో టీవీ మీద చేసిన ఫిర్యాదుని కూడా జనం తప్పుగానే పట్టుకుంటారు. టీవీలో వినోదం ఉండటం ఆయన బాధ కాదు. వార్తలు, రాజకీయం, మతం, చదువు అన్నీ వినోదంలాగే చూపించడం ఆయన బాధ. జర్మనీ తత్వవేత్త యూర్గెన్ హాబర్‌మాస్ 1962లో రాసిన ప్రజావేదిక (పబ్లిక్ స్ఫియర్) భావన వస్తే, కాఫీ హౌసుల్లో చేరి పత్రికలు చదివి ప్రభుత్వాన్ని చర్చించుకున్న 18వ శతాబ్దపు యూరప్ జనం గుర్తుండాలి, ఆ వెంటనే 1990లో నాన్సీ ఫ్రేజర్ అడిగిన ప్రశ్న కూడా గుర్తుండాలి: ఆ వేదికలోకి ఆడవాళ్ళనీ పేదవాళ్ళనీ రానిచ్చారా? మన ఊళ్ళో టీ కొట్టు దగ్గర పేపరు చదివి రాజకీయం మాట్లాడేవాళ్ళలో ఎవరున్నారో ఎవరు లేరో ఒకసారి చూసుకుంటే ఆమె విమర్శ వేరే చదవక్కర్లేదు.

సరే, ఇప్పుడు ఒక ప్యాసేజీ పెట్టి చూద్దాం. పరీక్షల్లో వచ్చే మచ్చుకి తగినట్టు నేనే రాశాను.

"ఒక సాధనం మోసుకొచ్చే విషయం కన్నా ఆ సాధనమే సమాజాన్ని ఎక్కువగా మారుస్తుందని మార్షల్ మెక్‌లూహన్ వాదించాడు. ఆయన దృష్టిలో కరెంటు దీపం కూడా మాధ్యమమే. అందులో వార్త ఏదీ లేకపోయినా రాత్రిపూట ఆటలకీ శస్త్రచికిత్సలకీ అది వీలు కల్పించింది. ఈ చూపుతో గోదావరి లంకల్లో వరద హెచ్చరికని గమనిస్తే ఒక తేడా కనబడుతుంది. దండోరా వేస్తే వీధంతా ఒకేసారి వింటుంది, జనం బయటికొస్తారు, ఎవరి పశువులు ఎక్కడున్నాయో అక్కడికక్కడే తేలుతుంది. అదే హెచ్చరిక ఫోన్లో సందేశంగా వస్తే అంతకన్నా ముందే, కచ్చితమైన అంకెలతో అందుతుంది, కానీ ఎవరికి వారు విడిగా చదువుకుంటారు. అయితే రేమండ్ విలియమ్స్ వంటి విమర్శకులు సాధనానికి ఇంత శక్తి కట్టబెట్టడాన్ని ఒప్పుకోలేదు. అది ఎందుకు పుట్టింది, ఎవరి చేతిలో ఉంది, ఏ అవసరానికి వాడుతున్నారు అన్నవి వదిలేస్తే మనుషులు తీసుకున్న నిర్ణయాలు యంత్రం ఖాతాలో పడతాయని వారి అభ్యంతరం. ఈ అభ్యంతరంలో బలముంది. ఫోన్లు వచ్చాక కూడా దండోరాని వదలకుండా రెంటినీ కలిపి వాడుకుంటున్న లంకలున్నాయి. అయినా సాధనం మారితే మనుషుల మధ్య సంబంధాల తీరు మారుతుందన్న మెక్‌లూహన్ మాటని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం."

ప్రశ్నలు చూడకముందే గొంతులు విడదీయండి. మొదటి మూడు వాక్యాలకీ "అట" అతుకుతుంది, అవి మెక్‌లూహన్‌వి. దండోరా, ఫోను ఉదాహరణ వ్యాసకర్తదే గానీ అది మెక్‌లూహన్ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది, "ఈ చూపుతో" అని ముందే చెప్పాడు. "అయితే" దగ్గర విలియమ్స్ వచ్చాడు. "ఈ అభ్యంతరంలో బలముంది" అన్నచోట "అట" పెట్టలేం, వ్యాసకర్త బయటికొచ్చింది అక్కడ. "అయినా" తరవాతది ఆయన తుది మాట. ప్యాసేజీ అస్థిపంజరం ఇంతే, రఫ్ షీటు మీద మె, వి, వ్యా అని మూడు అక్షరాలు చాలు.

మొదటి ప్రశ్న, ప్రధాన భావం ఏమిటి? ఆప్షన్లు ఇలా ఉంటాయి. అ, ఫోన్ సందేశం కన్నా దండోరా మేలు. ఆ, మెక్‌లూహన్ వాదన తప్పని విలియమ్స్ నిరూపించాడు. ఇ, సాధనం ఒక్కటే అన్నిటినీ నిర్ణయించదు గానీ సాధనాన్ని బట్టి సామాజిక సంబంధాలు మారతాయనడం కొట్టిపారేయదగ్గది కాదు. ఈ, సాంకేతికత వల్ల పల్లెల్లో ఐకమత్యం పోయింది. మన చెయ్యి పోయేది "అ"కో "ఈ"కో, ఎందుకంటే మనసులో అలాగే అనుకుంటాం. ప్యాసేజీ దేన్నీ మేలు అనలేదు. ఫోను ముందుగా వస్తుంది, దండోరా కలిపి వినిపిస్తుంది, రెండు వైపులా చెప్పింది. "ఆ"లో విలియమ్స్ అభ్యంతరం నిరూపణగా మారిపోయింది, పైగా తుది మాట పోయింది. "ఇ"లో విలియమ్స్ వాక్యం, "అయినా" వాక్యం రెండూ ఉన్నాయి. ప్రధాన భావం ప్రశ్నకి నేను చెప్పే పరీక్ష అదే: వ్యాసకర్త సొంత వాక్యాలన్నిటికీ ఆ ఆప్షన్లో చోటు దొరికిందా? ఒక్కదానికి దొరక్కపోయినా పక్కన పెట్టండి.

రెండో ప్రశ్న, దీపం ప్రస్తావన ఎందుకు తెచ్చారు? ఇది దీపం గురించిన ప్రశ్న కాదు, దానికి ముందున్న వాక్యం గురించిన ప్రశ్న. ఉదాహరణ ఎందుకిచ్చారని ఎప్పుడడిగినా ఒక వాక్యం వెనక్కి వెళ్ళండి. విషయం కన్నా సాధనం మారుస్తుంది అన్నారు, దీపంలో విషయమే లేదు, అయినా మార్చింది. కాబట్టి "చెప్పే విషయం ఏదీ లేకపోయినా సాధనం మార్పు తేగలదని చూపడానికి" అన్నది జవాబు. "విద్యుత్తు వల్ల జీవితం మెరుగుపడిందని చెప్పడానికి" అన్న ఆప్షన్ కూడా ఉంటుంది. మెరుగుపడింది, కాదనం, కానీ ఇక్కడ ఎవరూ ఆ మాట అనలేదు.

మూడోది ఊహించి చెప్పమనే ప్రశ్న: వ్యాసకర్త వీటిలో దేన్ని ఒప్పుకుంటాడు? ఇన్ఫరెన్స్ అనగానే మన పిల్లలు చాలా దూరం వెళ్ళిపోతారు. ప్యాసేజీ నుంచి ఒక్క అడుగు మాత్రమే వెయ్యాలి. "దండోరా పూర్తిగా మానేస్తే హెచ్చరిక అందినా ఇరుగుపొరుగు కలిసి స్పందించే తీరు మారవచ్చు" అన్నది ఒక అడుగు. "దండోరా మానేస్తే ప్రాణనష్టం పెరుగుతుంది" అన్నది మూడు అడుగులు, మధ్యలో రెండు మెట్లు మనం కట్టుకున్నవే. "మారవచ్చు" లాంటి మెత్తని క్రియ ఉన్న ఆప్షన్ ఇన్ఫరెన్స్‌లో తరచుగా గెలుస్తుంది. అలాగని కోచింగుల్లో చెప్పే "మాత్రమే, ఎప్పుడూ, అన్నీ ఉంటే ఆ ఆప్షన్ కొట్టెయ్" అన్న సూత్రాన్ని కళ్ళు మూసుకుని పాటించకండి. నాకు ఆ సూత్రం మీద సదభిప్రాయం లేదు. పోస్ట్‌మన్ ప్యాసేజీలో "అన్ని విషయాలనీ" అన్నదే ఆయన వాదనకి ప్రాణం, అక్కడ ఆ మాట ఉన్న ఆప్షనే సరైనది. గట్టి మాట ప్యాసేజీలో కూడా అంతే గట్టిగా ఉందా లేదా, చూడవలసింది అది.

ధోరణి అడిగే ప్రశ్నలో "తటస్థంగా" అన్న ఆప్షన్ పెద్ద ఆకర్షణ, రెండు వైపులా చెప్పాడు కదా అని. రెండు వైపులా చెప్పడం వేరు, ఏ వైపూ తేల్చకపోవడం వేరు. ఈ ప్యాసేజీలో వ్యాసకర్త "బలముంది" అన్నాడు, "కొట్టిపారేయలేం" అన్నాడు, రెండుసార్లు తీర్పు చెప్పాడు. కాబట్టి "విమర్శని అంగీకరిస్తూనే సిద్ధాంతాన్ని కొంతమేరకు సమర్థించడం" అన్నదానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోవాలి.

ఐఈఎల్టీఎస్‌లో ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ అని వస్తుంది, వ్యాసకర్త అభిప్రాయం అయితే యస్, నో, నాట్ గివెన్ అని వస్తుంది. ఇదే ప్యాసేజీకి నాలుగు వాక్యాలు చూడండి. ఫోన్ సందేశం దండోరా కన్నా ముందుగా అందుతుంది: ట్రూ, ప్యాసేజీలోనే ఉంది. ఫోన్లు వచ్చాక లంకలన్నిటిలో దండోరా ఆగిపోయింది: ఫాల్స్, కొన్ని చోట్ల రెండూ వాడుతున్నారని ఉంది కాబట్టి ఇది దానికి ఎదురు వెళ్తోంది. పెద్దవాళ్ళు ఫోన్ సందేశాలు చదువుకోలేరు: నాట్ గివెన్, మీ నాయనమ్మగారు చదువుకోలేకపోయినా సరే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు: ఇది మన డెల్టాలో ఎంతోమంది నోట విన్న అంకె, నూటికి నూరుపాళ్ళూ నిజం, జవాబు మాత్రం నాట్ గివెన్. ఈ నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగితే ఆ విభాగంలో సగం గెలిచినట్టే. ఫాల్స్‌కీ నాట్ గివెన్‌కీ తేడా తేల్చుకోవాలంటే, ఈ వాక్యం అబద్ధమని చూపడానికి ప్యాసేజీలో ఏ వాక్యం మీద వేలు పెడతాను అని అడగండి. వేలు పెట్టడానికి చోటుంటే ఫాల్స్, లేకపోతే నాట్ గివెన్.

హెజెమొనీ, డిస్కోర్స్, డిటర్మినిజం, కమోడిఫికేషన్ లాంటి మాటలు చూసి టెన్షన్ పడేవాళ్ళున్నారు. పరీక్ష ప్యాసేజీలో అంత బరువైన మాట వస్తే దాని అర్థం చాలాసార్లు ఆ వాక్యంలోనో తరవాతి వాక్యంలోనో ఉంటుంది, కామా తరవాత, లేదా "దటీజ్" తరవాత, లేదా వెంటనే వచ్చే ఉదాహరణలో. ఆ మాట చోట ఒక ఖాళీ ఊహించుకుని ముందుకెళ్ళండి, రెండు వాక్యాల తరవాత ఖాళీ దానంతటదే నిండుతుంది. అర్థం అడిగే ప్రశ్నలో మాత్రం నిఘంటువు అర్థం కాకుండా ఆ చోట అతికే అర్థం పెట్టండి, మెక్‌లూహన్ "సందేశం" లాగా.

టైము సంగతి. సీశాట్‌లో 80 ప్రశ్నలకి 2 గంటలు, అంటే ఒక్కోదానికి నిమిషంన్నర, ప్యాసేజీ చదవడంతో కలిపి. ఐఈఎల్టీఎస్ రీడింగ్‌లో 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు. నెట్‌లో రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నలకి 3 గంటలు. ముందు ప్రశ్నలు చదవాలా ప్యాసేజీ చదవాలా అని చాలామంది వాదించుకుంటారు. అంకెలూ పేర్లూ అడిగే ప్రశ్నలైతే ముందు ప్రశ్నలు చూడటంలో తప్పు లేదు, కానీ వాదనల ప్యాసేజీకి ముందు ప్రశ్నలు చదివితే మనం గొంతులు వదిలేసి ఆ మాటల కోసం వెతకడం మొదలుపెడతాం, అందుకని మీడియా ప్యాసేజీ వరకు నేను ముందు ప్యాసేజీయే చదవమంటాను.

రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కుంటే పరీక్షని బట్టి నడవండి. నెట్‌లో తప్పుకి మార్కులు పోవు, ఏదీ ఖాళీగా వదలొద్దు. సీశాట్‌లో సరైనదానికి 2.5 వస్తే తప్పుకి 0.83 పోతుంది, కాబట్టి రెండు ఆప్షన్లు గట్టిగా తీసేయగలిగితే మిగతా రెంటిలో ఒకటి పెట్టడం లాభమే, ఒక్కటీ తీసేయలేకపోతే వదిలేయండి. ఆ రెంటిలో ఎంచుకునేటప్పుడు రెండు ఆప్షన్లకీ తేడా ఉన్న ఒక్క మాట పట్టుకుని, ఆ మాట కోసమే ప్యాసేజీకి తిరిగి వెళ్ళండి. ప్యాసేజీ అంతా మళ్ళీ చదవడం మొదలుపెడితే పక్క ప్రశ్న టైము తినేస్తుంది.

ఇంట్లో సాధన చెయ్యాలంటే ఇంగ్లీషు పేపరు సంపాదకీయం ఒకటి చదివి, పేపరు మూసి, అందులో ఎవరు ఏమన్నారో పక్కవాళ్ళకి తెలుగులో చెప్పండి. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి బస్సులో ఇద్దరు ఫ్రెండ్స్ కూర్చుంటే ఆ దారిలో రెండు మూడు వ్యాసాలు అయిపోతాయి. చెప్పేటప్పుడు "అంటున్నారు" అని మాత్రం వదిలెయ్యకండి, ఎవరంటున్నారో పేరు పెట్టండి, వ్యాసకర్త తనేమన్నాడో ఆఖర్న విడిగా చెప్పండి. వినే మనిషి "మరి నువ్వేమంటావు" అని అడిగితే అది వేరే సంభాషణ, టీ తాగుతూ మాట్లాడుకోండి.

డిగ్రీ, పీజీ పరీక్షల్లో ఆప్షన్లు ఉండవు, సొంత మాటల్లో రాయమంటారు. అక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి: కొందరు ప్యాసేజీ వాక్యాన్నే ఎత్తి రాసేస్తారు, కొందరు సొంత మాటలంటే సొంత అభిప్రాయం అనుకుంటారు. పైన ప్యాసేజీకే "విలియమ్స్ అభ్యంతరం ఏమిటి" అని అడిగారనుకోండి. "ఈ రోజుల్లో ఫోన్ల వల్ల అందరూ చెడిపోతున్నారని విలియమ్స్ చెప్పారు" అని రాస్తే సున్నా, ఆయన ఆ మాటే అనలేదు. "సమాజంలో వచ్చే మార్పుకి పరికరాన్నే కారణంగా చూపితే, దాన్ని తయారుచేసినవాళ్ళ ఉద్దేశం, అదుపు చేసేవాళ్ళ పాత్ర, వాడేవాళ్ళ అవసరం మరుగున పడతాయని విలియమ్స్ వంటివారు అంటారు" అని రాస్తే చాలు. పేరు ముందో వెనకో ఉండాలి, "అంటారు" ఉండాలి, ప్యాసేజీలోని మూడు ముక్కలూ మీ మాటల్లో ఉండాలి. అయిదు మార్కుల ప్రశ్న అయితే వ్యాసకర్త ఆ అభ్యంతరాన్ని ఎంతవరకు ఒప్పుకున్నాడో, దండోరాని వదలని లంకల ఉదాహరణతో ఇంకో రెండు వాక్యాలు కలపండి. రెండు మార్కులదైతే అక్కడితో ఆపేసి తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోండి.